గడ్డి కోసే మిషను కొనేముందు



సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పంపులు, మోటార్లు, పనిముట్లు అమ్మే కొట్లకు గడ్డి కోసే మిషను కోసం వచ్చేవాళ్లు ముందుగా అడిగే మాట ఒకటే: "అన్నా, ఇది ఎన్ని సీసీ?" అడిగే మనిషి చాలాసార్లు ఏ అపార్ట్‌మెంటుకో, గేటెడ్ కమ్యూనిటీకో, ఫంక్షన్ హాలుకో లాన్ చూసుకునే చిన్న కాంట్రాక్టరు. కొట్టాయన రెండు మిషన్లు దించి చూపిస్తాడు. ఒకదాని అట్టపెట్టె మీద 52 సీసీ, 3 హెచ్‌పీ అని బారెడు అక్షరాలు. రెండోదాని మీద హోండా ఇంజను, 35.8 సీసీ, 1.3 హెచ్‌పీ అని బుద్ధిగా చిన్న అక్షరాలు. ధర మాత్రం రెండోదానికే రెండింతలో మూడింతలో ఉంటుంది. తక్కువ డబ్బుకు ఎక్కువ బలం వస్తుంటే కాదనేదెవరు? మొదటిదే ఆటో ఎక్కుతుంది.

పెట్టె మీది సీసీ అబద్ధమని కొట్టిపారేయడం న్యాయం కాదు. సిలిండరు వ్యాసం 44 మిల్లీమీటర్లు, పిస్టను కదిలే దూరం 34 మిల్లీమీటర్లు ఉంటే, గుణించి చూస్తే 51.7 సీసీ వస్తుంది. వ్యాసాన్ని 40కి తగ్గిస్తే 42.7. బజారులో 52 సీసీ, 43 సీసీ అంటూ రంగురంగుల స్టిక్కర్లతో దొరికే టూ స్ట్రోక్ మిషన్లలో చాలామటుకు ఈ రెండు కొలతల ఇంజన్లే. చిక్కంతా హెచ్‌పీ దగ్గర. హోండా తన జీఎక్స్ 35 ఇంజనుకు ఒక కిలోవాట్ నికర శక్తి అని రాసి, అది 7000 ఆర్‌పీఎం దగ్గర కొలిచిన లెక్క అని కూడా చెబుతుంది. స్టిల్ కంపెనీ ఎఫ్ఎస్ 250 మోడలుకు 40.2 సీసీ, 1.6 కిలోవాట్లు అంటుంది. ఊరూపేరూ లేని పెట్టె మీద 3 హెచ్‌పీ ఉంటుంది కానీ ఏ వేగం దగ్గర కొలిచారో, అసలు ఎవరు కొలిచారో ఉండదు. 52 సీసీ నుంచి అంత బలం రావడం అసాధ్యమేమీ కాదు. అయితే ఆ బలం ఆరునెలల తర్వాత కూడా ఉంటుందా అన్నదే కొనేవాడికి కావలసిన సంగతి. దానికి సీసీ జవాబు చెప్పదు.

కొలిచే చోటు తెలుగునాట లేకపోలేదు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. మధ్యప్రదేశ్‌లో బుద్నీ, హర్యానాలో హిసార్, అస్సాంలో బిశ్వనాథ్ చారియాలి, దక్షిణాదికి గార్లదిన్నె: ఈ నాలుగు చోట్లా ఇలాంటి సంస్థలే యంత్రాలను పరీక్షిస్తాయి. 2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ కింద రాయితీ జాబితాలోకి ఎక్కాలంటే పరీక్షా నివేదిక కావాలి. అందుకని బ్రష్ కట్టర్లనే ఈ గడ్డి కోసే మిషన్లలో చాలావాటికి ఈ నివేదికలు ఉన్నాయి. ఇంజను ఇచ్చిన అసలు శక్తి, తాగిన పెట్రోలు, చేతికి తగిలే అదురు, చెవి దగ్గర మోత, పరీక్ష జరుగుతుండగా విరిగిన భాగాలు లాంటివి వాటిలో దొరుకుతాయి. లాన్ కాంట్రాక్టరుకు రాయితీ రాకపోవచ్చు. అదే మోడలుకు రైతు కోసం చేసిన పరీక్ష ఫలితం చదువుకోవడానికి మాత్రం ఎవరూ అడ్డురారు. "ఈ మోడలుకు టెస్ట్ రిపోర్టు ఉందా?" అని కొట్లో అడిగితే చాలు, సంభాషణ తీరే మారిపోతుంది.

ఇలాంటిదే ఇంకో ఆధారం అమెరికా చట్టం పుణ్యాన దొరుకుతుంది. అక్కడ అమ్మే చేతిపట్టు మిషన్ల ఇంజన్లకు, పొగ నిబంధనలను ఎన్ని గంటల వాడకం దాకా నిలబెట్టుకుంటాయో కంపెనీయే ప్రకటించాలి. 50 గంటలు, 125 గంటలు, 300 గంటలు అని మూడు తరగతులు. ఇంజను మీది చిన్న స్టిక్కరులోనో, మాన్యువల్ చివరి పేజీల్లోనో ఆ అంకె ఉంటుంది. అది మిషను ఆయుర్దాయం కాదు, పొగకు సంబంధించిన హామీ. అయినా 50 గంటలకే చేతులెత్తేసే ఇంజనుకు, 300 గంటలు పూచీపడే ఇంజనుకు లోపలి సరుకులో తేడా ఉంటుందని ఊహించడానికి మెకానిక్ అయి ఉండనక్కర్లేదు. రోజుకు నాలుగు గంటల పని అనుకుంటే 50 గంటలు పదమూడు రోజుల్లో అయిపోతాయి. వారంటీ కాగితం కూడా ఇదే కథ చెబుతుంది. ఇంటి వాడకానికి రెండేళ్లు ఇచ్చే మిషనుకే, కూలి పనికి వాడితే మూడు నెలలని రాసే కంపెనీలు ఉన్నాయి. ఆ చిన్న అక్షరాల వరుసలో కంపెనీ తన మిషను గురించి తనే ఏమనుకుంటోందో బయటపెట్టేస్తుంది.

ఇక పని సంగతి. హైదరాబాదులోనూ విజయవాడలోనూ లాన్ అంటే ఎక్కువగా కడియం నర్సరీల నుంచో, ఊరి శివారు నర్సరీల నుంచో చాపలుగా వచ్చి పరుచుకున్న మెక్సికన్ గడ్డో, కొరియన్ గడ్డో. మధ్యలో నున్నగా కోయడానికి లాన్ మోవర్ ఉంటుంది. ట్రిమ్మర్, అంటే నైలాన్ తీగతో కోసే ఈ మిషను పని అంచుల్లోనే: ప్రహరీ గోడ వార, కాలిబాట రాళ్ల పక్కన, కొళాయి చుట్టూ, పూలమడి గట్టున. దీనికి పాతిక సీసీ మిషను ధారాళంగా సరిపోతుంది. స్టిల్ ఎఫ్ఎస్ 55 అయిదు కిలోల లోపే ఉంటుంది. భుజానికి పట్టీ వేసుకుని గంటన్నర పనిచేసినా మనిషి నిలబడగలడు. అదే కాంట్రాక్టరుకు పక్కనున్న ఖాళీ ప్లాట్ల శుభ్రం కూడా అప్పగిస్తే లెక్క మారుతుంది. అక్కడ నడుమెత్తు వయ్యారిభామ, ముదిరిన తుమ్మ మొక్కలు, గట్టి కాడల గడ్డి. నైలాన్ తీగ వాటి ముందు అరిగిపోతుందే తప్ప కోయదు. మూడు రెక్కల ఇనుప బ్లేడు కావాలి, దాన్ని తిప్పడానికి 35 సీసీ పైన ఇంజను కావాలి, రెండు చేతులతో సైకిలు హ్యాండిల్‌లా పట్టుకునే అమరిక కావాలి. అలాంటి మిషను ఏడెనిమిది కిలోలు తూగుతుంది. రెండు పనులకూ ఒకే మిషను అనుకున్నవాడు బరువైనదే కొంటాడు, దాన్ని రోజూ లాన్ అంచుల్లో మోస్తాడు. నడుం నొప్పి వచ్చాక పనివాడు మానేస్తాడు. అసలు నష్టం అక్కడ మొదలవుతుంది.

ఈ యంత్రం పుట్టింది కూడా చెట్టు మొదట్లో గడ్డి కోయలేక విసిగిన మనిషి చేతిలోనే. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం, హ్యూస్టన్ నగరం. జార్జ్ బల్లాస్ అనే ఆయన అక్కడ నాట్యశాల నడిపేవాడు. 1971లో ఒకనాడు కారు కడిగే యంత్రం లోపల కూర్చున్నాడట. గిరగిరా తిరిగే నైలాన్ కుంచెలు కారు రంగు చెడగొట్టకుండా మురికిని మాత్రం ఊడ్చేయడం చూశాడు. చెట్టు బెరడు దెబ్బతినకుండా గడ్డి కోయడానికి ఇదే ఉపాయమని తోచింది. పాప్‌కార్న్ డబ్బా ఒకటి తీసుకుని, బెజ్జాలు వేసి, చేపల గాలానికి వాడే తీగ దూర్చి, అంచులు కోసే మిషనుకు బిగించాడు. ఆ వింత సరుకు తయారుచేయడానికి పెద్ద కంపెనీలు ముందుకు రాలేదు. తనే వీడ్ ఈటర్ పేరుతో అమ్మకానికి దిగాడు. 1976 నాటికి ఏడాది అమ్మకాలు నాలుగు కోట్ల డాలర్లు దాటాయి. మరుసటి సంవత్సరం కంపెనీని ఎమర్సన్ ఎలక్ట్రిక్‌కు అమ్మేశాడు.

బెరడు కాపాడాలని పుట్టిన ఈ తీగే ఇప్పుడు లేత చెట్లకు గండమైంది. నాటి రెండు మూడేళ్లయిన వేప, కానుగ, మామిడి మొక్కల మొదట్లో గడ్డి కోసేటప్పుడు తీగ పదేపదే తగిలితే బెరడు చుట్టూతా ఊడిపోతుంది. ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు చేరే దారి ఆ బెరడులోనే ఉంది. పైకి పచ్చగా కనిపించే చెట్టు కొన్నాళ్లకు ఎండిపోతుంది, నెపం చెదపురుగు మీదకు పోతుంది. మొక్క చుట్టూ మూరెడు మేర గడ్డి చేత్తోనే పీకడం మేలు. డ్రిప్ పైపులు పరిచిన తోటల్లో పైపు పక్కన కూడా అంతే.

తీగ గురించి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే చెడిపోయే మిషన్లలో చాలావాటి జబ్బు ఇక్కడే మొదలవుతుంది. లాన్ అంచులకు 2.4 మిల్లీమీటర్ల తీగ సరిపోతుంది. 35 సీసీ దాటిన మిషన్లకు 3 మిల్లీమీటర్ల తీగ వేయొచ్చు. గుండ్రటి తీగ ఎక్కువ రోజులు వస్తుంది, నలుపలకల తీగ శుభ్రంగా కోస్తుంది కానీ రాళ్లు తగిలితే తొందరగా విరుగుతుంది. మన ఎండలకు కొట్లోనో, ఆటో టాపు మీదో నెలల తరబడి ఉన్న నైలాన్ తేమ కోల్పోయి పెళుసుబారుతుంది. పని ముందురోజు రాత్రి ఆ చుట్టను నీళ్లలో పడేస్తే మళ్లీ సాగుతుంది. పాత పనివాళ్ల ఈ చిట్కా వెనుక రసాయనం ఉంది: నైలాన్ నీటిని పీల్చుకుంటుంది.

అసలు అపచారం గార్డు తీసేయడం. గార్డు అంచున చిన్న బ్లేడు ఉంటుంది, ఎక్కువైన తీగను అది తెంపేస్తుంది. ఒకేసారి ఎక్కువ వెడల్పు కోయాలనే ఆశతో గార్డు ఊడదీసి తీగను పొడుగ్గా వదులుతారు. గాలిని చీల్చుకుంటూ తిరిగే తీగ మీద పడే భారం దాని పొడవు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. అంటే అదే వేగంతో తిప్పాలంటే తీగ అయిదో వంతు పొడుగైనా భారం రెట్టింపు. ఇంజను ఆ వేగం అందుకోలేక మూలుగుతుంది, క్లచ్ జారి వేడెక్కుతుంది, సిలిండరు కాగిపోతుంది. "మిషను మంచిది కాదు, ఆరునెలలకే పోయింది" అనే మాట వెనుక తరచుగా ఊడదీసిన గార్డు ఉంటుంది.

మనిషికి వచ్చే ముప్పు ఇంకా పెద్దది. 42 సెంటీమీటర్ల వ్యాసంతో 7000 ఆర్‌పీఎం వద్ద తిరిగే తీగ కొస గంటకు 550 కిలోమీటర్ల వేగం దాటుతుంది. ఆ తీగ తగిలిన గులకరాయి ఎటుపోతుందో చెప్పలేం. పదిహేను మీటర్ల లోపు మనుషులెవరూ ఉండకూడదని మాన్యువళ్లు రాసేది అందుకే. తీగ బదులు ఇనుప గొలుసు ముక్కలు బిగించే హెడ్ల జోలికి అసలు పోవద్దు. గొలుసు లింకు ఊడివచ్చి ఒక మనిషి ప్రాణం పోయిన తర్వాత, యూరోపియన్ కమిషన్ 2012 జనవరిలో అలాంటి హెడ్ల అమ్మకాన్ని నిషేధించమని సభ్యదేశాలను ఆదేశించింది.

టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా అన్నది కొనేవాడి స్వభావాన్ని బట్టి తేల్చుకోవలసిన ప్రశ్న. టూ స్ట్రోక్ తేలిక, భాగాలు తక్కువ, ఎలా వంచినా పనిచేస్తుంది. పెట్రోలులో ఆయిలు కలపాలి, అదీ కొలిచి కలపాలి. యాభైకి ఒకటి అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, పాతికకు ఒకటి అంటే 40. ఏది కావాలో మాన్యువల్‌లో ఉంటుంది. చాలాచోట్ల కొలపాత్ర సీసా మూతే. ఒకరోజు ఎక్కువై సైలెన్సరు మసిబారుతుంది, ఇంకోరోజు తక్కువై పిస్టను గీసుకుపోతుంది. ఫోర్ స్ట్రోక్‌లో ఈ బాధ లేదు, పెట్రోలూ తక్కువే తాగుతుంది, పొగా తక్కువే. కానీ జీఎక్స్ 35లో పట్టే ఆయిలు 100 మిల్లీలీటర్లే. మొదటి పది గంటలయ్యాక ఒకసారి, తర్వాత ప్రతి యాభై గంటలకోసారి మార్చాలి. మిషను రోజుకో పనివాడి చేతిలో తిరుగుతూ, ఆయిలు చూసే నాథుడు లేనిచోట ఫోర్ స్ట్రోక్ కొనడం డబ్బు తగలేయడమే. అక్కడ కొలిచి కలిపిన డబ్బా ఒకటి ఇచ్చి పంపితే టూ స్ట్రోకే నయం.

పెట్రోలు విషయంలో కొత్తగా వచ్చిన మెలిక ఇథనాల్. 2025 నాటికి మన బంకుల్లో ఇరవై శాతం కలిసింది. అమెరికా, యూరప్ మార్కెట్ల కోసం రాసిన మాన్యువళ్లు చాలావరకు పది శాతానికే అనుమతిస్తాయి. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది, కార్బొరేటర్‌లోని పల్చటి డయాఫ్రమ్‌ను, ఇంధనం పైపులను అది పాడుచేస్తుంది. కొనేటప్పుడే "ఇది ఇ20కి పనికొస్తుందా?" అని అడిగి, జవాబును బిల్లు మీద రాయించుకోవడం తెలివైన పని. కలిపిన పెట్రోలును నెలకు మించి నిలవ ఉంచకూడదు. వానాకాలం పని అయిపోయి మిషను మూలపెట్టేముందు ట్యాంకు ఖాళీ చేసి, దానంతట అదే ఆగిపోయేదాకా నడపాలి. సంక్రాంతి తర్వాత మెకానిక్ దగ్గర క్యూ కట్టే మిషన్లలో సగం ఈ ఒక్క పని చేయనివే అనిపిస్తుంది.

బ్యాటరీ మిషన్ల కథ వేరు. డాలస్ శివార్లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఇదే సుఖం. పెరట్లో ఉన్నది బెర్ముడా గడ్డి, అంటే మన వినాయకుడికి పెట్టే గరికే. దాన్ని కాస్త పెరగనిస్తే చాలు, కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చేస్తుంది. అరగంట పనికి పెట్రోలు కంపు ఎందుకు? కాలిఫోర్నియా అయితే 2021లోనే చట్టం చేసి, 2024 మోడళ్ల నుంచి ఇలాంటి చిన్న పెట్రోలు ఇంజన్ల కొత్త అమ్మకాలకు దాదాపు తెరదించింది. హైదరాబాదు కాంట్రాక్టరు మాత్రం లెక్క వేసుకోవాలి. 36 వోల్టులు, 5 యాంప్ అవర్ల బ్యాటరీలో ఉండేది 180 వాట్ అవర్లు. మోటారు 500 వాట్లు లాగితే ఇరవై నిమిషాల్లో ఖాళీ. నాలుగు గంటల పనికి ఎన్ని బ్యాటరీలు, ఎక్కడ చార్జింగు? పైగా లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చేయడం దానికి మంచిది కాదు. మే నెలలో వాచ్‌మన్ గది రేకుల షెడ్డులో ఉండే వేడి అంతకు తక్కువేమీ కాదు. ఆస్పత్రి, బడి, తెల్లవారకముందే పని మొదలయ్యే అపార్ట్‌మెంటు లాంటి చోట్ల మాత్రం మోత లేకపోవడమే పెద్ద లాభం, బ్యాటరీ అక్కడ ఖర్చు రాబట్టుకుంటుంది.

ఇంతా చూశాక మిషను ఎంపికలో మొదట వేయాల్సిన అడుగు కొట్టు వైపు కాదనిపిస్తుంది. ముందు మెకానిక్‌ను వెతకాలి. స్టార్టర్ తాడు, ట్యాప్ అండ్ గో హెడ్డు, క్లచ్ బూట్లు, కార్బొరేటర్ డయాఫ్రమ్, ఎయిర్ ఫిల్టరు, గేర్ హెడ్డు: అరిగేవీ తెగేవీ ఇవే. ఇవి ఊళ్లోనే దొరికే మిషను ఏదో అతడికి తెలుసు. 52 సీసీ అనామక మిషనుకు ఉన్న ఏకైక గొప్పతనం కూడా ఇదే, దాన్ని ఒప్పుకోవాలి: సామాన్లు ప్రతి ఊళ్లోనూ, చవకగా దొరుకుతాయి. పైపు 26 మిల్లీమీటర్లదా 28దా, లోపలి రాడ్డుకు పళ్లు ఏడా తొమ్మిదా అన్నది తెలిస్తే చాలు, ఏ కంపెనీ గేర్ హెడ్డయినా కూర్చుంటుంది. పెద్ద కంపెనీ మిషనుకు కార్బొరేటర్ కిట్ కోసం జిల్లా కేంద్రానికి పోయి వారం ఎదురుచూడాల్సి వస్తే, ఆ వారం కూలి ఎవరిస్తారు? ఊళ్లో డీలరు ఉన్నచోట ఖరీదైనది కొనాలి. లేనిచోట చవకదే కొని, రెండో హెడ్డు, రెండో ప్లగ్గు, తాడు దగ్గర పెట్టుకోవాలి. ఏడాదికి రెండొందల గంటలు దాటి పని ఉన్నవాడికి మాత్రం చవక మిషను చవకగా పడదు.

కొట్లో చూడాల్సినవి ఎక్కువేమీ లేవు. మిషనును పెట్టెలోంచి తీయించి, పెట్రోలు పోయించి స్టార్టు చేయించాలి. చల్లగా ఉన్నప్పుడు స్టార్టవడం గొప్ప కాదు. అయిదు నిమిషాలు నడిపి ఆపి, వేడి మీద మళ్లీ తాడు లాగి చూడాలి. యాక్సిలరేటర్ వదిలాక హెడ్డు కదలకుండా ఆగాలి. నెమ్మదిగా తిరుగుతూనే ఉంటే క్లచ్చో, ఐడిల్ స్క్రూనో సరిగ్గా లేనట్టే, అలాంటి మిషనును ఎవరి చేతికీ ఇవ్వకూడదు. భుజం పట్టీ వేసుకుని చేతులు వదిలితే హెడ్డు నేలకు జానెడు ఎత్తులో, ఇటూ అటూ ఒరగకుండా వేలాడాలి. ఈ పరీక్ష పనిచేసే మనిషి మీదే చేయాలి. ఓనరు ఎత్తు, పనివాడి ఎత్తు ఒకటే ఉండాలని లేదు కదా.

మోత సంగతి ఎవరూ పట్టించుకోరు. పెట్రోలు మిషను చెవి దగ్గర సుమారు 100 డెసిబెల్స్ మోగుతుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ మోతలో ఎనిమిది గంటలు ఉండొచ్చు, 100 డెసిబెల్స్‌లో పదిహేను నిమిషాలే. చేతులకు తగిలే అదురుకు కూడా యూరప్‌లో హద్దులున్నాయి. ఎనిమిది గంటల సగటు మీద సెకనుకు సెకనుకు 2.5 మీటర్లు దాటితే యజమాని జాగ్రత్తలు మొదలుపెట్టాలి, 5 దాటనివ్వకూడదు. ఏళ్లతరబడి అదురుతో పనిచేసినవారి వేళ్లు తెల్లబారి స్పర్శ పోవడం డాక్టర్లు గుర్తించిన జబ్బు. మన కాంట్రాక్టర్లు కొనిచ్చేది మహా అయితే ఒక నల్ల కళ్లద్దాల జత. వయ్యారిభామ కోసేటప్పుడు ఆ రసం చిమ్మి చర్మం దద్దుర్లెక్కుతుందని తెలిసినా, పొడుగు చేతుల చొక్కా పనివాడి సొంత ఖర్చే.

బేరమాడే వేళ అయిదొందలు తగ్గించమని పట్టుబట్టేకన్నా మొహానికి జాలీ షీల్డు, చెవులకు మఫ్‌లు, బూట్లు, రెండు తీగ చుట్టలు ఆ ధరలోనే కలపమని అడగడం మంచి బేరం. చివరగా బిల్లు. దాని మీద మోడలు పేరు, ఇంజను నంబరు, ఇ20 మాట, వారంటీ కూలి పనికి వర్తిస్తుందా లేదా అన్నది, నాలుగూ ఉండాలి. కొట్టాయన కాస్త సణుగుతాడు, "ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదన్నా" అంటాడు, అయినా రాసిస్తాడు.